కోతల కాలం జ్వరం: ఒంటి మీద నల్ల మచ్చ వెతికారా?

ప్రశ్న: మాది చీపురుపల్లికీ రాజాంకీ మధ్య ఒక చిన్న ఊరు. ఏటా దీపావళి వెళ్లి కోతలు మొదలయ్యేసరికి మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో మంచం పడతారు. ఈసారి మా అత్తగారికి వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రక్తం తీయించి టైఫాయిడ్ అన్నారు. ఐదు రోజులు ఇంజెక్షన్లు చేసి, సెలైన్ ఎక్కించారు. జ్వరం దిగలేదు సరికదా ఆయాసం మొదలైంది. విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి నర్సమ్మ నడుం దగ్గర నల్ల మచ్చ చూసి డాక్టరుగారికి చూపించింది. స్క్రబ్ టైఫస్ అన్నారు. మందు మార్చిన రెండు రోజులకే జ్వరం దిగింది. ఇంటికొచ్చాక ఇంకో కష్టం. మమ్మల్ని బోరింగు దగ్గరికి రావద్దంటున్నారు. పాపను అంగన్‌వాడీలో వేరుగా కూర్చోబెట్టమని పక్కవాళ్లు గొడవ చేశారు. తొలకరిలో పాప ఆరుద్ర పురుగులు పట్టుకుని ఆడింది, దానివల్లే ఇంట్లోకి వచ్చిందని మా ఆడపడుచు అంటోంది. ఇప్పుడు మావయ్యగారికి రెండు రోజులుగా జ్వరం. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా? మళ్లీ వస్తుందా? పొలం మానేయాలా? హైదరాబాదులో పనిచేసే మా ఆయన అన్నీ వదిలేసి వచ్చేయమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, విజయనగరం జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చూసిన వెంటనే మావయ్యగారి విషయంలో ఏం చేయాలో మీకు ఫోన్లో చెప్పాం. అదే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. మీ ఇంట్లో ఉన్న పరిస్థితే ఈ నెలల్లో మన వైపు చాలా ఇళ్లలో ఉంటుంది.

మావయ్యగారిని ఊళ్లో ఇంజెక్షన్లతో ఆపకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. ఇంట్లో ఒకరికి స్క్రబ్ టైఫస్ వచ్చి తగ్గిందని, ఆయన కూడా అదే చేలో పనిచేశారని డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. ఓపీలో రద్దీగా ఉన్నప్పుడు ఆ ఒక్క మాటే డాక్టరు ఆలోచనను సరైన దారిలో పెడుతుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే ఆయన ఒళ్లంతా ఒకసారి చూడండి.

ఎలా చూడాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో తప్పిపోయేది ఇక్కడే. ఈ జబ్బును తెచ్చే పురుగు పిల్ల గడ్డి మీద నుంచి కాలికో చేతికో ఎక్కి, మెత్తటి చర్మం దొరికేదాకా పాకుతుంది. బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగిపోయి కుడుతుంది. అందుకే మగవాళ్లకు మొలతాడు కింద, గజ్జల్లో, వృషణాల దగ్గర, ఆడవాళ్లకు లోపావడా బొందు కట్టుకునే చోట, రొమ్ముల కింద, ఇద్దరికీ చంకల్లో, చెవి వెనక, మెడ దగ్గర జుట్టు మొదట్లో, మోకాలి వెనక చూడాలి. కుట్టిన చోట మొదట చిన్న పొక్కు లేస్తుంది. అది చితికి, మధ్యలో నల్లటి పెచ్చు కడుతుంది, చుట్టూ ఎర్రగా ఉంటుంది. బీడీతో చురక పెట్టినట్టు కనిపిస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, కాబట్టి అది తమ ఒంటి మీద ఉందని రోగికే తెలియదు. చామనఛాయ ఒంటి మీద ఇంకా కష్టం, పగటి వెలుతురులోనో టార్చిలైటు వేసో చూడాలి. మీ మావయ్యగారు సిగ్గుపడి మీకు చూపించరు. అత్తగారిని చూడమనండి, లేదా మరిదిగారు ఎవరైనా ఉంటే వారిని చూడమనండి. పిల్లలకైతే స్నానం చేయించేటప్పుడు తల్లి చూస్తే సరిపోతుంది. మచ్చ దొరికితే అది పెద్ద ఆధారం. దొరకలేదని మాత్రం స్క్రబ్ టైఫస్ కాదనుకోవద్దు. చాలామందికి మచ్చ కనిపించదు.

ఇక అంటుకోవడం గురించి. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోదు. దగ్గితే రాదు, ముట్టుకుంటే రాదు, ఒకే బోరింగు నీళ్లు తాగితే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. అత్తగారి పక్కన పాప పడుకున్నా ఏమీ కాదు. దీనికి కారణం ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా. అది చిగ్గర్ మైట్ అనే చిన్న పురుగు పిల్ల దశలో కుట్టినప్పుడు మాత్రమే మన ఒంట్లోకి వస్తుంది. ఆ పిల్ల మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. ఎలుకలు, పందికొక్కులు తిరిగే తుప్పల్లో, గట్ల మీది గడ్డిలో, గెడ్డ ఒడ్డున, చేనుకీ తోటకీ మధ్య వదిలేసిన బంజరులో బతుకుతుంది. తన జీవితంలో ఒక్కసారే ఎలుకనో మనిషినో కుట్టి, ఆ తర్వాత నేలలోకి పోతుంది. పెద్దదయ్యాక మనల్ని కుట్టదు. బాక్టీరియా మాత్రం తల్లి పురుగు నుంచి గుడ్లలోకి, గుడ్ల నుంచి పిల్లల్లోకి పోతూ ఉంటుంది కాబట్టి ఒకసారి ఏ తుప్పలో చేరిందో ఆ చోట ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఏటా మీ వీధిలో జ్వరాలు వస్తున్నాయన్నారు కదా, దానికి ఇది ఒక కారణం కావచ్చు. మీ వీధి చివర ఏముందో ఒకసారి చూడండి.

అత్తగారికి వచ్చాక మావయ్యగారికి వచ్చిందంటే ఆమె నుంచి వచ్చినట్టు కాదు. ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని చద్దన్నం తిని ఉంటారు, ఒకే చోట పశువులకు గడ్డి కోసి ఉంటారు. పురుగు కుట్టిన 6 నుంచి 21 రోజుల్లోపు, ఎక్కువమందికి 10, 12 రోజులకు జ్వరం మొదలవుతుంది. ఒకే వారంలో కుట్టినా ఒకరికి ముందు, ఒకరికి వెనక వస్తుంది. ఊరివాళ్లు దాన్ని చూసి అంటువ్యాధి అనుకుంటున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. 2025 నవంబరు, డిసెంబరులో మన జిల్లా పేరుతో సహా స్క్రబ్ టైఫస్ వార్తలు రోజూ పేపర్లలో వచ్చాయి, చావుల గురించి చదివారు. కానీ ఆ భయంతో ఒక ఇంటిని బోరింగు దగ్గరికి రానివ్వకపోవడం అన్యాయం. దానివల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. రేపు ఇంకొకరికి జ్వరం వస్తే తమను కూడా వెలివేస్తారని దాచిపెడతారు. ఈ జబ్బులో దాచిన నాలుగు రోజులు ప్రాణం మీదికి తెస్తాయి. మీరు ఒంటరిగా వాదించవద్దు. ఏఎన్‌ఎమ్మను, ఆశా కార్యకర్తను పిలిచి, బోరింగు దగ్గర పదిమంది ఉన్న వేళలో ఈ మాట వాళ్ల నోటితో చెప్పించండి. అంగన్‌వాడీ టీచరుకు కూడా వాళ్లే చెబితే బాగుంటుంది. పాపను రేపటి నుంచే పంపండి, అందరితో కలిపే కూర్చోబెట్టమనండి.

పాప ఆరుద్ర పురుగులతో ఆడడం వల్ల రాలేదు. అవి ఆరుద్ర కార్తెలో తొలి వానలకు నేలలోంచి బయటికొచ్చే ఎర్రటి మఖమలు పురుగులు. చిగ్గర్‌కు దూరపు చుట్టాలే గానీ జాతి వేరు, అవి మనిషికి ఈ జబ్బు తేవు. పైగా అత్తగారికి జ్వరం వచ్చింది కోతల్లో. ఆ చిన్నపిల్ల మీద నింద పడకుండా చూడండి. మీ ఆడపడుచు గారికి ఈ సమాధానం చదివి వినిపించండి.

ఐదు రోజులు టైఫాయిడ్ వైద్యం జరిగినా జ్వరం ఎందుకు దిగలేదని మీరు నేరుగా అడగలేదు కానీ, మీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టింది అదే. మన పల్లెల్లో జ్వరం వస్తే ముందు చేసేది వైడాల్ పరీక్ష. టైఫాయిడ్ ఎప్పుడో వచ్చి పోయినవాళ్లకు, వేరే జ్వరాలు ఉన్నవాళ్లకు కూడా అది పాజిటివ్ చూపించవచ్చు. ఒకే ఒక్క వైడాల్ కాగితాన్ని నమ్మి టైఫాయిడ్ అని తేల్చేయకూడదు. ఆ కాగితం చూసి ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్లు నిజమైన టైఫాయిడ్‌కు మంచి మందులే. స్క్రబ్ టైఫస్ బాక్టీరియా మన కణాల లోపల దాక్కుని పెరుగుతుంది. ఈ ఇంజెక్షన్లు దాన్ని ఏమీ చేయలేవు. అంటే ఖర్చు అవుతుంది, చేయి వాస్తుంది, జబ్బు మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతుంది. కొందరు జ్వరం తొందరగా దిగాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కలుపుతారు. ఒక పూట హాయిగా ఉంటుంది, అసలు జబ్బు మరుగున పడుతుంది. సెలైన్ వల్ల జ్వరం తగ్గదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న మనిషికి లెక్క లేకుండా సెలైన్ ఎక్కిస్తే ఆయాసం పెరుగుతుంది.

మీ ఊరి ఆర్‌ఎంపీ గారిని తిట్టమని నేను చెప్పడం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. కానీ ఆయనకు ఒక్కటి స్పష్టంగా చెప్పండి: జ్వరం మూడో రోజుకు దిగకపోతే, ఈ నెలల్లో, ఇంజెక్షన్ వద్దు, పీహెచ్‌సీకి చీటీ రాయండి అని. ఊరి పెద్దలు కూడా చెబితే ఆయన తప్పక వింటారు.

పరీక్ష మీద కూడా ఒక మాట. స్క్రబ్ టైఫస్‌కు చేసే ఐజీఎం ఎలైజా పరీక్ష జ్వరం మొదలైన తొలి రోజుల్లో నెగెటివ్ రావచ్చు. ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి దాదాపు వారం పడుతుంది. పీహెచ్‌సీలో ఆ పరీక్ష లేకపోతే రక్తం తీసి జిల్లా ఆసుపత్రికి పంపే వీలుందా అని అడగండి. అయితే రిపోర్టు వచ్చేదాకా మందు ఆపి కూర్చోనవసరం లేదు. లక్షణాలు, పొలం పని, కాలం చూసి అనుమానం వస్తే వెంటనే మందు మొదలుపెట్టాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2015 మార్గదర్శకాలే చెబుతున్నాయి. మలేరియా, డెంగీ పరీక్షలు కూడా చేయించండి. స్క్రబ్ టైఫస్‌లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అది చూసి డెంగీ అని పొరబడడం మామూలు. చేలో నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా ఇదే కాలంలో ఉంటుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ వైపు చుట్టాల ఇళ్లకు వెళ్లి వచ్చినవాళ్లయితే మలేరియా సంగతి మరీ మరీ చెప్పాలి. డెంగీ కాదని తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఒళ్లు నొప్పుల మాత్రలు, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు వద్దు.

మందు డాక్సీసైక్లిన్. పెద్దవాళ్లకు సాధారణంగా 100 మిల్లీగ్రాములది రోజుకు రెండుసార్లు, 7 రోజులు ఇస్తారు. చాలా చవకైన మందు. సరైన సమయంలో మొదలుపెడితే ఎక్కువమందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, మీ అత్తగారికి జరిగింది కూడా అదే. గర్భిణులకు దీని బదులు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి డాక్టరు లెక్క కడతారు. తిన్న తర్వాత, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు, పడుకుంటే మాత్ర గొంతులో అడ్డం పడినట్టయి ఛాతీ మండుతుంది. పాలతో వేసుకోవద్దు. జ్వరం దిగింది కదా అని మూడో రోజున మానేయవద్దు. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్ల విషయంలో వేలూరు సీఎంసీ డాక్టర్ల నేతృత్వంలో జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే, ఏ ఒక్కటో ఇచ్చినదానికన్నా మేలని తేలింది. అంటే ముదిరినా చేతులెత్తేయనవసరం లేదు. ఇంకో మాట చెప్పాలి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లే సంస్థలో వెలుగు చూసింది. అప్పుడు అక్కడ పరిశోధనలు నడిపిస్తున్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో ఇదే జ్వరంతో సైనికులు కుప్పలుగా పడిపోతుంటే వాళ్లకు ఇవ్వడానికి సరైన మందు లేదు. ఈరోజు మందు ఉంది. మందుల షాపులో దొరికే ఆ మందు రోగికి అందక మనిషి పోతే మాత్రం మనసు ఒప్పుకోదు.

ఆలస్యమైతే రెండో వారంలో చెడుతుంది. ఆయాసం, మాట తడబడడం, మగతగా పడి ఉండడం, ఫిట్స్, కళ్లు పచ్చబడడం, మూత్రం తగ్గిపోవడం, ఆగని వాంతులు. వీటిలో ఏది కనిపించినా పీహెచ్‌సీ కూడా కాదు, నేరుగా 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికే.

మళ్లీ వస్తుందా అన్నారు. వచ్చే అవకాశం ఉంది. ఒకసారి వస్తే ఒంట్లో ఏర్పడే రక్షణ ఎక్కువకాలం నిలవదు, పైగా ఈ బాక్టీరియాలో రకాలు చాలా ఉన్నాయి. టీకా లేదు. కాబట్టి అత్తగారు ఒకసారి పడింది కదా అని అజాగ్రత్తగా ఉండకూడదు.

దానికోసం పొలం మానేయాలా? ఎలా మానేస్తారు, ఏడాదంతా తినాల్సిన గింజలు అక్కడే ఉన్నాయి. పనిచేసే పద్ధతి కొంచెం మార్చుకుంటే చాలు. కోతకు, గడ్డికి వెళ్లేటప్పుడు చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా వేసుకునే అలవాటు మన వైపు ఆడవాళ్లకు ఉన్నదే, దాన్ని మానొద్దు, గుండీలు పెట్టుకోండి. మగవాళ్లు లుంగీ ఎగ్గట్టి దిగకుండా ప్యాంటు వేసుకుని, కింద అంచులు సాక్సుల్లోకి దోపుకుంటే మేలు. అన్నం తినడానికి గడ్డి మీద కూర్చోకుండా గోనెపట్టా పరుచుకోండి. విప్పిన చొక్కా, తువ్వాలు తుప్ప మీద ఆరేయడం మన అలవాటు. పురుగు పిల్లలు ఎక్కి కూర్చునేది అక్కడే. కల్లంలో కాపలా పడుకునేవాళ్లు గడ్డి మీద కాకుండా నులక మంచం మీద పడుకోవాలి. డీట్ ఉన్న దోమల క్రీము దొరికితే కాళ్లకు, చేతులకు రాసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటికి రాగానే వేడినీళ్లతో, సబ్బుతో, నడుము, చంకలు, గజ్జలు బాగా రుద్ది స్నానం. టీ తాగి, టీవీ చూసి, రాత్రికి చేద్దాంలే అనుకోవద్దు. పని బట్టలు ఇంట్లో దండెం మీద వేయకుండా అప్పుడే వేడినీళ్లలో నానబెట్టండి.

ఊరి మట్టుకు వస్తే, జ్వరాలు రాగానే పంచాయతీవాళ్లు పొగ కొట్టించి, బ్లీచింగ్ చల్లి వెళ్తారు. పొగ ఎగిరే దోమలకు. గడ్డి మొదట్లో, మట్టిలో ఉండే ఈ పురుగును అది పెద్దగా ఏమీ చేయదు. మీరు అడగాల్సింది ఇళ్ల వెనక, స్కూలు, అంగన్‌వాడీ చుట్టూ, బోరింగు దారి పొడవునా తుప్పలు నరికించడం. పెంటకుప్పలు, కట్టెల మోపులు గోడకు ఆనించి పెట్టకుండా దూరం జరిపితే ఎలుకలు తగ్గుతాయి. నెలలో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం పంచాయతీలో ఎలాగూ చేస్తున్నారు. ఆ రోజు రోడ్డు ఊడ్చి ఫొటో దిగడంతో ఆపకుండా మీ వీధి చివరి తుప్పల దగ్గరికి తీసుకెళ్లండి. నరికేవాళ్లు కూడా ఒళ్లంతా కప్పుకుని చేయాలి, అయ్యాక స్నానం చేయాలి. కొందరు ఊరికి కీడు సోకిందని అమ్మవారికి మొక్కుకుంటారు. మొక్కు తీర్చుకోండి, ఆ ఊరేగింపు వెళ్లే దారిలోనే ముందు రోజు తుప్పలు కొట్టించండి.

మీ ఆయనకు చెప్పాల్సింది ఇది. హైదరాబాదు వెళ్లిపోవడం వల్ల ఈ జబ్బు నుంచి తప్పించుకున్నట్టు కాదు, ఇప్పటికే పురుగు కుట్టి ఉంటే జ్వరం అక్కడ బయటపడుతుంది. అక్కడి డాక్టరుకు మీరు కోతల్లో ఉండి వచ్చారని తెలియకపోతే మళ్లీ అదే ఆలస్యం. సంక్రాంతికి ఆయన వచ్చి వెళ్లాక జ్వరం వచ్చినా, ఊరికెళ్లి చేలో తిరిగాను అని డాక్టరుకు తప్పక చెప్పాలి. కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఆదాయం, అత్తమామల వయసు చూసి స్థిమితంగా తీసుకోవాల్సిన నిర్ణయం. ఈ జ్వరం భయంలో తీసుకోవద్దు.

మావయ్యగారి రిపోర్టు రాగానే మళ్లీ రాయండి. జ్వరం ఏ రోజు మొదలైంది, మచ్చ కనిపించిందా, ఏ రోజున ఏ మందు వేశారు, ఎప్పుడు దిగింది అన్నవి ఒక కాగితం మీద తేదీలతో రాసి ఉంచండి. పీహెచ్‌సీ డాక్టరుకు కూడా అదే చూపించండి.